సీ5 అనే ఒక్క అడుగు: 23 మూవ్స్‌లో అరోనియన్‌ని ఆనంద్ ఎలా పడగొట్టాడు

2013 జనవరి 15. నెదర్లాండ్స్‌లో సముద్రం ఒడ్డున వైక్ ఆన్ జీ అని చిన్న ఊరు, అక్కడ టాటా స్టీల్ టోర్నమెంట్ 75వ ఎడిషన్, నాలుగో రౌండ్. వైట్‌తో లెవాన్ అరోనియన్, రేటింగ్ (ఆటగాడి బలానికి కొలత) 2802, అర్మేనియా. బ్లాక్‌తో మన విశ్వనాథన్ ఆనంద్, అప్పటికి ప్రపంచ ఛాంపియన్, వయసు 43. 23 మూవ్స్‌కే అరోనియన్ రిజైన్ చేశాడు. 2800 రేటింగ్ ఉన్నవాడు వైట్ పెట్టుకుని 23 మూవ్స్‌లో ఓడిపోవడం అనేది చాలా అరుదు, అందులోనూ ఈ గేమ్‌లో అతను పెద్ద బ్లండర్ అని వేలు పెట్టి చూపించగలిగేది ఏదీ సులువుగా కనపడదు.

ఈ గేమ్ మీద వీడియోలు బోలెడు ఉన్నాయి, అన్నిట్లోనూ "అబ్బ ఏం శాక్రిఫైస్, ఏం బ్రిలియన్స్" అనే గోలే ఎక్కువ. గుర్రాన్ని ఎందుకు వదిలేశాడు, బిషప్‌ని తీసుకెళ్ళి బంటు నోట్లో ఎందుకు పెట్టాడు అంటే "జీనియస్ కదా" అని తేల్చేస్తారు. నా లెక్క వేరే. ఈ గేమ్‌లో పేలినవన్నీ ఓపెనింగ్‌లోనే ఉన్నాయి, బ్లాక్ సీ-బంటు ఒక గడి ముందుకి వెయ్యడం దగ్గర మొత్తం ముడి ఉంది. ఆ ముడి విప్పితే మిగతాది మామూలు ఆటగాడికి కూడా అర్థమవుతుంది. (నేను రాజు, గుర్రం, బంటు అని మన పేర్లే వాడతా, మిగతా మూడూ క్వీన్, రూక్, బిషప్ అనేస్తా. ఏనుగంటే రూక్ అనేవాళ్ళూ ఉన్నారు బిషప్ అనేవాళ్ళూ ఉన్నారు, ఆ గొడవ మనకొద్దు. గడి పేర్లలో ఏ నుంచి హెచ్ దాకా అక్షరం నిలువు వరస, అంటే ఫైల్, అంకె అడ్డ వరస; వైట్ 1 వైపు, బ్లాక్ 8 వైపు.)

ముందు ఓపెనింగ్, అంటే ఆట మొదట్లో వేసే మూవ్స్. వైట్ డీ4, బ్లాక్ డీ5. వైట్ సీ4 అని బంటు ఎర వేస్తాడు, ఇది క్వీన్స్ గ్యాంబిట్, అందరికీ తెలిసిందే. ఇక్కడ బ్లాక్‌కి వందేళ్ళకి పైగా ఉన్న తలనొప్పి ఒకటే, సీ8లో ఉండే బిషప్. డీ5 బంటుని ఈ6తో కాపాడితే ఆ బిషప్ దారి మూసుకుపోతుంది. సీ6తో కాపాడితే స్లావ్ అంటారు, దాంట్లో బిషప్‌కి దారి ఉంటుంది కానీ అది బయటికెళ్తే బీ7 బంటు అనాథ అయిపోయే బాధ ఇంకోటి. సెమీ-స్లావ్‌లో బ్లాక్ ఏం చేస్తాడంటే రెండూ వేస్తాడు, సీ6, ఈ6. మొదటిసారి చూసినవాడికి ఇది పిచ్చిలా కనపడుతుంది ఎందుకంటే ఈ6 వల్ల ఒక వైపు దారి పోయింది, సరే బీ7కి వెళ్ళి అటు చూద్దామంటే అక్కడ ఎదురుగా సీ6లో సొంత బంటే, అంటే బిషప్‌కి లోపల గడియ, బయట తాళం.

మరి ఎందుకు వేస్తారు? ఎందుకంటే ఇలా కాసుకుని కూర్చుంటే సరైన టైమ్‌లో డీ5 బంటుతో సీ4ని కొట్టి, వెంటనే బీ5 వేసి, బిషప్‌ని బీ7లో పెట్టి, ఆ తర్వాత సీ6 బంటుని సీ5కి తోసెయ్యొచ్చు. ఆ చివరి అడుగు పడిందా, బీ7 నుంచి హెచ్1 దాకా ఆ పొడవాటి ఏటవాలు గీత మొత్తం తెరుచుకుంటుంది, అప్పటిదాకా జైల్లో ఉన్న బిషప్ బోర్డు మీద అందరికంటే ప్రమాదకరమైన పావు అవుతుంది. అదే మెరాన్ వేరియేషన్ ప్లాన్. 1924లో ఇటలీలోని మెరాన్ టోర్నమెంట్‌లో గ్రున్‌ఫెల్డ్ మీద అకీబా రూబిన్‌స్టీన్ ఆడాడు కాబట్టి ఆ పేరు. రూబిన్‌స్టీన్ పేరు కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

టైమింగ్ కూడా చూడండి. ఈ గేమ్‌లో 6వ మూవ్‌కి అరోనియన్ బిషప్‌ని డీ3లో పెట్టాడు, అప్పుడు మాత్రమే ఆనంద్ సీ4 కొట్టాడు. ఒక మూవ్ ముందే కొడితే వైట్ బిషప్ ఎఫ్1 నుంచి నేరుగా సీ4కి వచ్చి కొట్టేది, ఇప్పుడేమో డీ3కి వచ్చి, అక్కడి నుంచి సీ4కి వెళ్ళి, బ్లాక్ బీ5 వెయ్యగానే మళ్ళీ డీ3కి రావాలి. ఒకే బిషప్ మూడుసార్లు. సెమీ-స్లావ్‌లో ఇద్దరూ ఈ ఒక్క టెంపో, అంటే ఒక మూవ్ ఆదా కోసమే కళ్ళలో ఒత్తులేసుకుని చూస్తుంటారు, వైట్ బిషప్ కదిలేదాకా బ్లాక్ ఆగుతాడు, బ్లాక్ కొట్టేదాకా వైట్ ఆగుతాడు.

8వ మూవ్‌లో పాత రోడ్డు బంటు ఏ6. అక్కడి నుంచి వైట్ ఈ4, ఈ5 అని దూసుకొస్తాడు, బోర్డంతా మంటలు. ఆనంద్‌కి ఆ రోడ్డు కొట్టిన పిండే, 2008లో బాన్‌లో క్రామ్నిక్ మీద టైటిల్ మ్యాచ్‌లో 3వ గేమ్, 5వ గేమ్ రెండూ అదే మెరాన్‌తో బ్లాక్ పెట్టుకుని గెలిచాడు. ఈసారి మాత్రం ఏ6 కాకుండా బిషప్ డీ6. చూడ్డానికి నెమ్మదైన లైన్. ఇద్దరూ క్యాజిల్ అయ్యారు (రాజుని రూక్ పక్కన దాచుకున్నారు), వైట్ క్వీన్ సీ2, బ్లాక్ బిషప్ బీ7, వైట్ ఏ3, బ్లాక్ రూక్ సీ8.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి బోర్డు చూడండి. బ్లాక్ బిషప్‌లు రెండూ పక్కపక్క గీతల మీద వైట్ రాజు వైపే చూస్తున్నాయి, ఒకటి డీ6 నుంచి హెచ్2 మీదకి, ఇంకోటి బీ7 నుంచి జీ2 మీదకి, కాకపోతే రెండోదానికి సీ6 బంటు అడ్డం. వైట్ వైపు చూస్తే డీ3లో బిషప్, వెనక సీ2లో క్వీన్, రెండూ హెచ్7 మీద గురి. సీ1 బిషప్, ఏ1 రూక్ ఇంకా నిద్ర లేవలేదు. ఈ రెండు పావుల సంగతి చివర్లో తేలుతుంది.

12వ మూవ్ అరోనియన్ గుర్రం జీ5. ఉద్దేశం సూటిగా ఉంది, హెచ్7 బంటు మీద ఇప్పుడు బిషప్ ఉంది, గుర్రం ఉంది, వెనక క్వీన్ ఉంది. మనలాంటి వాళ్ళం అయితే భయపడి హెచ్6 వేసేస్తాం. ఆనంద్ హెచ్7 వైపు చూడనే లేదు, సీ5 వేశాడు.

ఈ ఒక్క అడుగు మూడు పనులు చేసింది. బీ7 బిషప్‌కి గీత తెరిచింది, సీ8 రూక్‌కి దారి వచ్చే ఏర్పాటు చేసింది, పైగా డీ4 బంటుని కదిలించడం మొదలుపెట్టింది. డీ4 బంటు మారితే ఆ తర్వాత సీ5 గడి ఖాళీ అవుతుంది, డీ6 బిషప్ అక్కడికొచ్చి కూర్చోవచ్చు. అంటే రెండు బిషప్‌లకీ ఒకే బంటుతో దారి. హెచ్7 బంటు పోతే పోనీ అనుకున్నాడు.

అరోనియన్ 13వ మూవ్ గుర్రంతో హెచ్7 కొట్టాడు, ఎఫ్8లో రూక్ కూడా దాడిలో పడింది. దీనికి ఆనంద్ జవాబు ఆ గుర్రాన్ని కొట్టడం కాదు, రూక్‌ని జరపడం కాదు, ఎఫ్6లో ఉన్న తన గుర్రాన్ని జీ4కి దూకించడం. నాకు ఈ గేమ్‌లో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇక్కడుంది, చాలామంది దాటేసి వెళ్ళిపోతారు. హెచ్7లో కూర్చున్న వైట్ గుర్రం ఎవరికి అడ్డం? వైట్‌కే! డీ3 బిషప్, సీ2 క్వీన్ ఇంత కష్టపడి గురిపెట్టిన గీతకి చివర్లో సొంత గుర్రమే కూర్చుంది. ఆ గుర్రం అక్కడున్నంతసేపూ వైట్ దాడి అనేది లేదు. అది రూక్‌ని కొట్టడానికి వెళ్తే ఒక మూవ్ ఖర్చు. బ్లాక్‌కి కావాల్సింది ఆ ఒకటీ అరా మూవ్‌లే.

వెంటనే రూక్ కొట్టేస్తే? బ్లాక్ బిషప్ హెచ్2లో బంటుని కొట్టి చెక్, రాజు హెచ్1, క్వీన్ హెచ్4, అయిపోయినట్టే. హెచ్3 వేసి గుర్రాన్ని తరుముదామంటే బిషప్ హెచ్2 చెక్, మళ్ళీ క్వీన్ హెచ్4. కాబట్టి వైట్ ఎఫ్4 వేసి డీ6 బిషప్ గీతని మూశాడు. మంచి మూవే, కానీ దానికి ఒక రేటు ఉంది. ఎఫ్2లో బంటు పోయింది, అంటే జీ1లో ఉన్న రాజు నుంచి ఎఫ్2, ఈ3, డీ4, సీ5 అని ఇంకో ఏటవాలు గీత మొత్తం బలహీనపడింది. ఒక కిటికీ మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంది.

14వ మూవ్ బ్లాక్ సీ-బంటుతో డీ4 కొట్టాడు, వైట్ ఈ-బంటుతో తిరిగి కొట్టాడు. ఈ3లో బంటు కూడా లేదు ఇప్పుడు. 15వ మూవ్ బిషప్ సీ5!

డీ4 బంటు ఆ బిషప్‌ని ఫ్రీగా కొట్టొచ్చు. కొడితే డీ7 గుర్రం సీ5లో తిరిగి కొడుతుంది, డీ3 బిషప్ మీద దాడి, పైగా డీ4 గడి ఖాళీ కాబట్టి బ్లాక్ క్వీన్ అక్కడికి చెక్‌తో దిగుతుంది, జీ4 గుర్రం ఎఫ్2 మీద రెడీగా ఉంది. వైట్‌కి ఊపిరి ఆడదు. కొట్టకపోతే? కొట్టకపోతే డీ4 బంటు పిన్ అయిపోయింది, అంటే అది పక్కకి తప్పుకుంటే వెనక రాజుకి చెక్, అందుకే అది ఇంక ఎటూ కదలడానికి లేదు, బిషప్‌ని కొట్టడం తప్ప. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మూవ్‌కి ఇదే ప్రాణం.

అరోనియన్ బిషప్‌ని డీ3 నుంచి ఈ2కి వెనక్కి లాగి జీ4 గుర్రం మీద దాడి చేశాడు. అప్పుడు వచ్చింది 16వ మూవ్, గేమ్ మొత్తంలో ఫోటో కట్టించి గోడకి తగిలించాల్సిన మూవ్: డీ7 గుర్రం ఈ5కి.

చూడ్డానికి ఇది మతిలేని పని. సీ5లో బిషప్ ఎరగా ఉంది, జీ4లో గుర్రం దాడిలో ఉంది, ఎఫ్8లో రూక్ దాడిలో ఉంది, ఇవి చాలవన్నట్టు ఇంకో గుర్రాన్ని తీసుకెళ్ళి ఎఫ్4, డీ4 రెండు బంట్ల ఎదురుగా పెట్టాడు. కానీ డీ4 బంటు పిన్‌లో ఉంది కదా, అది ఈ5ని కొట్టలేదు, రూల్ ప్రకారమే కుదరదు. ఎఫ్4 బంటు కొట్టొచ్చు. కొడితే చూడండి: గుర్రం డీ7 ఖాళీ చేసింది కాబట్టి డీ-ఫైల్ తెరుచుకుంది, బ్లాక్ క్వీన్ డీ8 నుంచి ఒకే ఊపులో డీ4 బంటుని కొట్టి చెక్. రాజు హెచ్1. క్వీన్ జీ1లో దూకి చెక్! రాజు ఆ క్వీన్‌ని కొట్టలేడు, వెనక సీ5 బిషప్ కాపలా. రూక్‌తో కొట్టాలి. రూక్ జీ1కి రాగానే రాజుకి నాలుగు వైపులా సొంత మనుషులే, జీ4 గుర్రం ఎఫ్2లో దిగి మేట్.

ఇందులో ఒక సొగసు ఉంది. ఆ ఎఫ్2 గుర్రాన్ని సీ2 క్వీన్ అడ్డంగా వచ్చి కొట్టెయ్యాలి కదా? కొట్టలేదు, మధ్యలో ఈ2లో బిషప్ అడ్డం. ఆ బిషప్‌ని అక్కడ పెట్టింది అరోనియనే, ఒక్క మూవ్ క్రితం.

ఈ మేట్‌ని అరోనియన్ స్థాయి వాడు చూడకుండా ఉండడు, అందుకే ఈ5ని ముట్టుకోకుండా 17వ మూవ్ బిషప్‌తో జీ4 గుర్రాన్ని కొట్టాడు. బ్లాక్ బిషప్ డీ4 బంటుని కొట్టి చెక్, రాజు హెచ్1, ఈ5 గుర్రం వచ్చి జీ4లో బిషప్‌ని తిరిగి కొట్టింది. ఇప్పుడు తీరిగ్గా వైట్ గుర్రం ఎఫ్8లో రూక్‌ని తినేసింది. లెక్క చూస్తే వైట్ రూక్ పైన ఉన్నాడు, ఆ గుర్రాన్ని బ్లాక్ ఎప్పుడైనా కొట్టొచ్చనుకోండి.

కొట్టలేదు. 19వ మూవ్ ఎఫ్5.

ఇంత గోల మధ్యలో ఈ చిన్న బంటు మూవ్ ఏంటి అనిపిస్తుంది. ఇందాక చెప్పిన గీత గుర్తుందా, సీ2 నుంచి హెచ్7? అడ్డంగా కూర్చున్న గుర్రం ఎఫ్8కి వెళ్ళిపోయింది, డీ3లో బిషప్ కూడా లేదు, ఇప్పుడు వైట్ క్వీన్‌కి హెచ్7లో చెక్ ఉంది. ఆవేశపడి బ్లాక్ క్వీన్‌ని హెచ్4కి పంపిస్తే వైట్ క్వీన్ హెచ్7 చెక్, రాజు గుర్రాన్ని కొడితే వైట్ క్వీన్ హెచ్4లో క్వీన్‌నే తినేస్తుంది, అందుకని బ్లాక్ క్వీన్‌తోనే కొట్టాలి, క్వీన్లు మారిపోయి దాడి చల్లారిపోతుంది. ఎఫ్5 ఆ గీతని మూసేసింది, జీ4 గుర్రానికి కాపు కూడా కాసింది. నా మటుకు నాకు ఈ గేమ్‌లో అసలైన క్లాస్ ఇదే, ఈ5 గుర్రం అందరూ మెచ్చుకుంటారు కానీ రూక్ తక్కువలో ఉండి, ఎదురుగా ఫ్రీ గుర్రం కనపడుతుంటే దాన్ని వదిలి ఒక బంటుని నెమ్మదిగా నెట్టడానికి చాలా చల్లటి బుర్ర కావాలి.

తర్వాత అంతా స్పీడ్. వైట్ గుర్రం జీ6కి వెళ్ళి హెచ్4 గడిని కాపాడింది, బ్లాక్ క్వీన్ ఎఫ్6 వచ్చి దాని మీద పడింది, వైట్ హెచ్3, బ్లాక్ క్వీన్ జీ6లో గుర్రాన్ని తినేసింది. హెచ్3 బంటు జీ4 గుర్రాన్ని కొడితే? క్వీన్ హెచ్6 మేట్, జీ1 గడి డీ4 బిషప్ చేతిలో ఉంది కాబట్టి రాజుకి చోటే లేదు. వైట్ క్వీన్ ఈ2, బ్లాక్ క్వీన్ హెచ్5. ఇప్పుడు హెచ్3 బంటు కదలలేదు, హెచ్-ఫైల్లో రాజుకి పిన్. జీ2 బంటు కదలలేదు, బీ7 బిషప్ నుంచి హెచ్1 దాకా పిన్. బ్లాక్ క్వీన్ హెచ్3ని కొట్టి మేట్ చేస్తానంటోంది. వైట్ క్వీన్ డీ3కి వచ్చింది, మూడో వరస మీద నుంచి హెచ్3ని కాపాడుతూ డీ4 బిషప్ మీద కూడా దాడి, ఉన్నవాటిలో మంచి మూవ్.

23వ మూవ్ బిషప్ ఈ3. క్వీన్‌కీ హెచ్3కీ మధ్యలో గోడ. క్వీన్‌తో ఈ3 కొడితే గుర్రం ఆ క్వీన్‌ని తింటుంది. సీ1 బిషప్‌తో కొడితే బ్లాక్ క్వీన్ హెచ్3 చెక్, రాజు జీ1, క్వీన్ జీ2 మేట్, వెనక బీ7 బిషప్. అరోనియన్ చెయ్యి కలిపేశాడు.

సీ1 బిషప్, ఏ1 రూక్ ఈ గేమ్‌లో ఒక్కసారి కూడా కదల్లేదు. ఆ బిషప్‌కి చివర్లో దొరికిన అవకాశం ఈ3లో కొట్టడం, కొడితే మేట్. అటు బీ7 బిషప్ 10వ మూవ్‌లో అక్కడ కూర్చుంది, మళ్ళీ జరగలేదు, కానీ చివరి మేట్ దాని మీదే నిలబడింది. క్వీన్స్ గ్యాంబిట్‌లో బ్లాక్‌కి దండగ పావు అని పేరుపడ్డ బిషప్ అది.

ఇక రూబిన్‌స్టీన్. 1907లో లోడ్జ్‌లో రోట్లేవి మీద ఆయన బ్లాక్‌తో ఆడిన గేమ్ ఉంది, రూబిన్‌స్టీన్ ఇమ్మోర్టల్ అంటారు. ఆనంద్ గేమ్‌ని దానితో పోల్చని వాళ్ళు లేరు. ఓపెనింగ్ వేరే అయినా బొమ్మ అదే: బ్లాక్ రెండు బిషప్‌లు పక్కపక్క గీతల్లో, ఒకటి బీ7, ఇంకోటి బీ6, వైట్ ఎఫ్4 వేసి రాజుని హెచ్1లో దాచుకున్నాడు, గుర్రం జీ4లో. అక్కడ రూబిన్‌స్టీన్ రూక్‌తో సీ3 కొట్టి క్వీన్‌ని వదిలేశాడు, వెంటనే ఇంకో రూక్‌ని డీ2లో ఎర పెట్టాడు, చివర్లో రూక్ హెచ్3 వెయ్యగానే రోట్లేవి ఆపేశాడు. నిజానికి రూబిన్‌స్టీన్‌ది ఇంకా ఖరీదైన శాక్రిఫైస్. కానీ రోట్లేవి అక్కడికి రావడానికి ఓపెనింగ్‌లో టెంపోలు పారేసుకున్నాడు, అరోనియన్ అలా ఏమీ చెయ్యలేదు, అందుకే నా ఓటు ఆనంద్‌కి.

దీని మీద ఒక విమర్శ ఎప్పుడూ వినపడుతుంది, "ఇదంతా ఇంట్లో కంప్యూటర్‌తో తయారుచేసుకున్నదేగా" అని. తయారుచేసుకున్నదే, అబద్ధం కాదు. 2012లో మాస్కోలో ఛాలెంజర్ గెల్ఫాండ్‌తో టైటిల్ మ్యాచ్ కోసం ఆనంద్ టీమ్ చేసిన హోంవర్క్‌లోంచి ఈ ఐడియా వచ్చింది. ఆ మ్యాచ్ 6-6 అయ్యి టైబ్రేక్‌లో ఆనంద్ గెలిచాడు, ఈ సరుకు అక్కడ ఖర్చు కాలేదు, నెలల తర్వాత అరోనియన్ వచ్చి దాని మీద నిలబడ్డాడు. అయితే ఏంటి? టైటిల్ మ్యాచ్‌కి ఇలాంటి ఫైళ్ళు గుట్టలు గుట్టలుగా ఉంటాయి, అందులో ఒకదాన్ని నెలలు గడిచాక బోర్డు ముందు కూర్చుని, గడియారం తిరుగుతుంటే, నాలుగు పావులు దాడిలో ఉండగా గుర్తుతెచ్చుకోవాలి, గుర్తులేని చోట మళ్ళీ లెక్కకట్టాలి. సీ5 ఎందుకో, డీ4 పిన్ ఎందుకో అర్థమైనవాడికి ఈ5 గుర్రం మళ్ళీ దొరుకుతుంది. బట్టీ పట్టినవాడు ఒక్క మూవ్ తేడా వచ్చినా రూక్ తక్కువలో కూర్చుని తల గోక్కుంటాడు.

ఆ టోర్నమెంట్ మాత్రం ఆనంద్ గెలవలేదు. కార్ల్‌సన్ 13కి 10 పాయింట్లతో, 1999లో కాస్పరోవ్ పెట్టిన రికార్డ్‌ని అందుకుని పట్టుకెళ్ళాడు, అరోనియన్ 8.5తో రెండో స్థానం, ఆనంద్ 8. అదే ఏడాది నవంబర్‌లో చెన్నైలో కార్ల్‌సన్ చేతిలో టైటిల్ కూడా పోయింది. ఇంకోటి, ఈ టోర్నమెంట్ 'ఏ' గ్రూప్‌లోనే మన గుంటూరు పెంటేల హరికృష్ణ కూడా ఆడాడు, 2012లో అక్కడే బీ గ్రూప్ గెలిచి ఆ చోటు సంపాదించుకున్నాడు. తెలుగు పేపర్లలో దానికి రావాల్సినంత చోటు రాలేదనేది నా పాత కంప్లయింట్.

ఇది చదివి మెరాన్ ఆడాలని ఉబలాటపడేవాళ్ళకి ఒక మాట. 12వ మూవ్ దాకా బట్టీ కొట్టకండి, ముందు సీ6, డీ5, ఈ6 బంట్ల త్రిభుజం వేసుకుని, వైట్ బిషప్ కదిలేదాకా ఆగి, సీ4 కొట్టి, బీ5, బిషప్ బీ7, సీ5 అనే వరస ఒకటి చేతికి అలవాటు చేసుకోండి, సీ5 పడకపోతే ఈ ఓపెనింగ్‌లో బ్లాక్‌కి ఏమీ లేదు. అయినా మీరు ఎంత ప్రిపేర్ అయినా ఆన్‌లైన్‌లో నూటికి తొంభై మంది రెండో మూవ్‌కే బిషప్ ఎఫ్4 పెట్టేసి లండన్ సిస్టమ్ ఆడతారు, అప్పుడు ఈ వ్యాసం మొత్తం మీకు ఎందుకూ పనికిరాదు.